దిబ్బ మీద తెల్లరాయి

రజాక్ సైకిలు పూర్తిగా ఆగకముందే కబురు చెప్పేశాడు. నెల్లూరులో మకాం వేసిన పురావస్తు శాఖ ఆఫీసరుగారు రేపు పొద్దున జీపులో మొగిలిపాళెం వస్తున్నారట. చరిత్ర సంఘం వాళ్ళు కనిపెట్టిన రాయిని స్వయంగా చూస్తారట. నచ్చితే లారీ పంపించి మ్యూజియానికి తీసుకుపోతారట, దాని కింద సంఘం పేరు కూడా రాయిస్తారట. బస్సు కండక్టరుతో తాలూకా ఆఫీసు నుంచి వచ్చిన కబురది.

కరుణాకుమారి అప్పుడు వరండాలో కూర్చుని కొత్త పంపు స్టవ్వుకి పిన్ను కొడుతూ ఉంది. పిన్ను చేతిలోనే ఉంచుకుని లేచి ఒక గంతు వేసింది. వేశాక గానీ తను ఒక అయ్యవారి భార్యనని, ఎదురుగా ఉన్నవాడు తనను అక్కా అని పిలిచే కుర్రవాడని గుర్తు రాలేదు. రజాక్ మర్యాదగా సముద్రం వైపు చూశాడు.

ఆమెకు పెళ్ళయి రెండు నెలలు కూడా నిండలేదు. గుంటూరులో బి.ఏ. చదివినన్నాళ్ళూ హాస్టలు గంటకు లేచి, హాస్టలు గంటకు పడుకున్న పిల్లకు, తన స్టవ్వు మీద తను కాఫీ పెట్టుకుని తనకిష్టమైనంత చక్కెర వేసుకోవడమే ఒక రాజ్యం. స్టవ్వు బుస్సుమంటే నవ్వొచ్చేది. తీగ మీద ఆరేసిన భర్త చొక్కా సముద్రపు గాలికి చేతులూపి పిలుస్తుంటే నవ్వొచ్చేది. ఆ భర్త పేరు సమాధానం. హైస్కూల్లో సోషలు చెబుతాడు. చదువు అయిపోయి ఊళ్ళో తిరిగే కుర్రకారును కూడదీసి, పోయిన ఏడాది, అంటే యాభై ఎనిమిదిలో, చరిత్ర సంఘం పెట్టింది ఆయనే. శనివారం సాయంత్రాలు బడి వరండాలో కూర్చుంటారు. పాత బావులు ఎవరు తవ్వించారో, కాలవ మీద ఉప్పు పడవలు నడిచిన రోజుల్లో ఎవరు ఎక్కడ దిగేవారో ముసలివాళ్ళను అడిగి తెలుసుకుని, గోడ మీద పెద్ద పటంలో గుర్తులు పెడతారు. ఎండు చేపల వ్యాపారి చోటే సాహెబ్ కొడుకు రజాక్ సంఘానికి కార్యదర్శి. వాడి చెల్లెలు జాన్‌బీ బొమ్మలు గీస్తుంది. పెళ్ళి చేసుకుని వచ్చిన వారానికే కరుణాకుమారి ఉపాధ్యక్షురాలైంది.

దసరా సెలవులు కాబట్టి సమాధానం ఆ రోజు తెల్లవారకముందే జాలరి ఆదెయ్య పడవలో సముద్రం మీదికి పోయాడు. ఒడ్డున నిలబడి ఒడ్డును చూస్తే ఏం తెలుస్తుంది, సముద్రంలోంచి చూసి పటం గీయాలి అని ఆయన పట్టుదల. బుచ్చిరెడ్డిపాలెం వరి మళ్ళ మధ్య పుట్టి పెరిగిన మనిషి, ఈత రాదు. ఆ సంగతి ఆమెకు చెప్పి తనే పకపకా నవ్వాడు కూడా.

ముందు రోజు రాత్రి అన్నాలయ్యాక వంటింట్లో కూర్చుని, పడవలు ఏరు సముద్రంలో కలిసే మొగలోకి ఎట్లా వస్తాయో గ్లాసులు పెట్టి చూపించాడు. మొగకు రెండు పక్కలా నీళ్ళ కింద ఇసుక మేటలు ఉంటాయి. ఈ గ్లాసు దర్గా గుమ్మటం అనుకో, ఈ గిన్నె ఒడ్డు మీది గుర్తు అనుకో, రెండూ ఒకే వరసలోకి వచ్చినప్పుడే పడవ తిప్పాలి, అటూ ఇటూ అయితే మేట మీద అలలు పడవను పగలగొట్టేస్తాయి అని చెప్పాడు. కరుణాకుమారి ఆ చెప్పే చేతుల వైపు చూస్తూ ఉండిపోయింది. వేళ్ళ మీద సుద్దముక్క పొడి ఇంకా వదల్లేదని, ఆ చేతులు ఎంత బాగున్నాయని అనుకుంది. గ్లాసు, గిన్నె చెవిన పడ్డాయి. గుర్తు అంటే ఏ గుర్తో ఆమె అడగలేదు.

కబురు విన్న సంబరంలో ఆమెకు తట్టిన మొదటి ఆలోచన, ఆయన తిరిగి వచ్చేసరికి రాయిని అద్దంలా చేసి చూపించాలని. రాయికి పూసిన సున్నం కింద అక్షరాలు ఉన్నాయని, ఒక మూల పెచ్చు ఊడితే పోయిన వారమే జాన్‌బీ కనిపెట్టింది. ఆఫీసరు వచ్చి సున్నం చూస్తే ఏం లాభం? అంతా గీకేయాలి.

సంఘానికి ఒక నియమం ఉంది. దేన్నయినా ముట్టుకునే ముందు, అక్కడ ఎవరైనా మొక్కుకుంటారేమో కనుక్కోవాలి. ఆ నియమం వాళ్ళు తప్పలేదు. పోయిన వారం ఆదెయ్య భార్య అంకాలమ్మ చేపలు ఆరబోసుకుంటుంటే వెళ్ళి, దిబ్బ మీద రాయి దేవుడా అని అడిగారు. ఆమె తలెత్తకుండానే, దేవుడూ గాదు దెయ్యమూ గాదు, వొట్టి రాయి, మేమేం మొక్కం అంది. ఇంకేం కావాలి?

మధ్యాహ్నం ముగ్గురూ ఒడ్డున ఉన్న ఇసుక దిబ్బ ఎక్కారు. నిలువెత్తు పలక రాయి, సముద్రం వైపు ముఖం పెట్టి ఉంది. వెనక మొగలి పొదలు. రజాక్ ఇంట్లోంచి కలుపు తీసే బొరిగె తెచ్చాడు, జాన్‌బీ కొబ్బరి పీచు తెచ్చింది. కరుణాకుమారి కొత్త అట్లకాడ తెచ్చింది. ఏళ్ళ తరబడి పొర మీద పొర వేసిన సున్నం, అట్లకాడ తోస్తే మాడిన అట్టులా పెచ్చులు పెచ్చులుగా లేచింది. అట్టు తిప్పడం రాని మా అక్క, రాయిని భలే తిప్పుతోంది అని జాన్‌బీ ఆటపట్టించింది. పాత అక్షరాలు బయటపడ్డాయి. వాటి కింద ఓడ బొమ్మ. తెరచాపలు, చుక్కాని, అన్నీ ఉన్నాయి. ముగ్గురూ ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఆ ఓడ అక్కడెందుకుందని ఎవరికీ తోచలేదు. జాన్‌బీ పలచటి కాగితం పరిచి బొగ్గుపొడితో అద్ది, అక్షరాలూ ఓడా కాగితం మీదికి దింపుకుంది.

దూరం నుంచి ఎట్లా ఉంటుందో చూద్దామని కరుణాకుమారి సముద్రం వైపు వెనక్కి వెనక్కి నడిచింది. నీళ్ళంచుకు పోయి ఆగి చూసింది.

రాయి కనిపించలేదు.

బూడిద రంగు రాయి, బూడిద రంగు పొదల్లో కలిసిపోయింది. పొదల పైన, ఊరికి అవతల, దర్గా ఆకుపచ్చ గుమ్మటం మాత్రం కనిపిస్తోంది. సరిగ్గా రాయి ఉండాల్సిన చోటుకు నెత్తిమీద. గుమ్మటం. కింద రాయి. గ్లాసు, గిన్నె.

ఆమె చేతిలోంచి అట్లకాడ జారి ఇసుకలో పడింది. అంతవరకూ పట్టించుకోని విషయాలన్నీ అప్పుడు కంటికి కనిపించాయి. తూర్పున మబ్బు నల్లగా లేచింది. గాలి తిరిగింది. తక్కిన పడవలన్నీ ఎప్పుడో ఒడ్డుకు చేరి ఇసుకలో వరసగా బోర్లా పడున్నాయి. దూరం నుంచి కూడా ఒడ్డు చూడాలని అయ్యవారు అడిగారు కాబట్టి ఆదెయ్య పడవ ఒక్కటే లోపలికి పోయింది. అదొక్కటే ఇంకా రాలేదు. మొగకు దక్షిణంగా మేట మీద, నిరుడు వానల్లో పగిలిన పడవ పక్కటెముకలు కొన్ని ఇప్పటికీ నీళ్ళలోంచి పైకి లేచి ఉన్నాయి. ఇన్నాళ్ళూ వాటి మీద వాలే కొంగలను చూసి ముచ్చటపడేది.

పరుగెత్తి వచ్చి ఆమె చెప్పింది విన్నాక జాన్‌బీ ఏడుపు మొదలుపెట్టింది. రజాక్ ఏడవలేదు. సున్నం తెస్తానని సైకిలెక్కి దర్గాకు పోయాడు. ఉరుసుకు వెల్ల వేశాక అక్కడి తొట్టి ఎండిపోయి ఉంది. అక్కడున్న గుల్ల సున్నం మూటల్లో ఒకటి తెచ్చాడు. దాన్ని నీళ్ళలో వేసి ఉడకనివ్వాలి, చల్లారనివ్వాలి. అంత వ్యవధి లేదు. మూట విప్పేలోగా చినుకులు మొదలయ్యాయి. బుడగలొచ్చే సున్నాన్ని పీచుతో తీసి రాయికి పట్టిస్తే వాన దాన్ని పాలలా కిందికి కార్చేసింది. కరుణాకుమారి వేళ్ళు మండాయి. మళ్ళీ పట్టించింది, మళ్ళీ కారిపోయింది.

మంట వేద్దామని రజాక్ అన్నాడు. పొదలన్నీ తడిసి ఉన్నాయి, పైగా ఈ వానలో మంట ఎంతసేపు నిలుస్తుంది?

అంకాలమ్మ అప్పుడు వచ్చింది. మొగుడి కోసం ఒడ్డున ఎదురుచూస్తున్నదల్లా దిబ్బ మీద జనాన్ని చూసి ఎక్కి వచ్చింది. కొంగు నెత్తి మీద కప్పుకుని రాయి ముందు నిలబడి, చెయ్యి పెట్టి దాన్ని తడిమింది. చీకట్లో ఇల్లు తడుముకునే మనిషిలా తడిమింది.

"నేనే గీకాను" అంది కరుణాకుమారి. "తెలియక గీకాను, అంకాలమ్మా."

అంకాలమ్మ తిడుతుందనుకుంది. తిడితే బాగుండును. ఆమె ఇసుకలో చతికిలబడి, వాన ముఖాన కొడుతుంటే తుడుచుకోకుండా అంది: "నేనే గదా, వొట్టి రాయి అన్నా. మీరొచ్చి దేవుడా అని అడిగితిరి. గాదు గదా, అందుకని గాదన్నా. దాన్ని చూసుకోని ఇంటికొస్తారని చెప్పాలని నాకెట్టా తెలస్తాది?"

తర్వాత చటుక్కున లేచింది. "ఇంగ ఆ మాటలెందుకు. తెల్లటిది కావాల. పెద్దది. మీ కాడ ఏముండాదో చూడు."

దర్గా మీద కప్పే చాదరు ఆకుపచ్చది. తెరచాపలు చెట్టు బెరడు రంగువి. ఇంట్లో దుప్పట్లు చారలవి. సమాధానం చొక్కాలు తెల్లవే, కానీ అవి ఎంతని? కరుణాకుమారికి అప్పుడు తన ట్రంకు పెట్టె గుర్తొచ్చింది. అందులో అన్నిటికంటే అడుగున, మొగలి రేకు మధ్యలో పెట్టి మడిచిన పెళ్ళి చీర ఉంది. చర్చిలో కట్టుకున్న తెల్ల పట్టుచీర. ఎవరూ లేనప్పుడు మూత ఎత్తి వాసన చూసి మళ్ళీ మూసేది.

ఇంటికి ఎట్లా పరుగెత్తిందో, తాళం ఎట్లా తీసిందో తెలియదు. మొగలి రేకు నేల మీద పడిపోయింది. చీరను చంకలో పెట్టుకుని మళ్ళీ దిబ్బ ఎక్కుతుంటే కాళ్ళు ఇసుకలో దిగబడి, కలలో పరుగెత్తినట్టు ఎంత నడిచినా దూరం తరగలేదు. దారంతా ఆమె ప్రార్థన చేసింది. పెద్ద పెద్ద మాటలేమీ కాదు. ఆయనకు ఈత రాదు ప్రభువా, ఆయనకు ఈత రాదు, అంతే.

పైకి చేరేసరికి జాన్‌బీ వేలు చూపిస్తోంది. వానతెరలో, అలల మీద, ఒక నల్లటి చుక్క లేస్తూ పడుతూ కనిపించింది. అంకాలమ్మ గుర్తుపట్టింది. తమ పడవే. దక్షిణంగా పోతోంది. మొగ దాటి పోతోంది. మేట వైపు.

చీర రాయికి చుట్టారు. వాన దాన్ని క్షణంలో తడిపేసింది. తడిసిన పట్టు రాయికి అతుక్కుని, రాయి రంగే తెచ్చుకుని, తెల్లదనం లేకుండా పోయింది. చూస్తూ ఉండగా చూస్తూ ఉండగా మాయమైంది. కరుణాకుమారికి గట్టిగా అరవాలనిపించింది. అరిచినా ఆ గాలిలో ఎవరికి వినపడుతుంది?

"రాయికి అంటనీకండి" అంది. "మడత పెట్టి చాపలా పట్టుకుందాం, ముందుకు."

రజాక్ పలక రాయి ఎక్కి నిలబడి చీర రెండు పై కొసలూ చేతులు చాచి పట్టుకున్నాడు. కింది కొసల్లో ఒకటి అంకాలమ్మ, ఒకటి కరుణాకుమారి. జాన్‌బీ మధ్యలో కూర్చుని అంచును కాళ్ళ కింద తొక్కిపట్టింది. గాలి చీరలో దూరి ఫెడఫెడలాడించింది. వెండి జరీ అరచేతిని కోసింది. వెనక్కి లాగితే రాయికి తగులుతుంది, వదిలితే ఎగిరిపోతుంది. రజాక్ జారితే చీర కూడా వాడితోనే పోతుంది. చీర ముందుండటం వల్ల కరుణాకుమారికి సముద్రం కనిపించడం లేదు. అదే అన్నిటికంటే భయంగా ఉంది. తెల్లటి గుడ్డ, దాని మీద వాన చప్పుడు, అంతే ప్రపంచం. పైనున్న రజాక్‌కు ఒక్కడికే పడవ కనిపిస్తోంది. చూస్తూ చూస్తూ వాడు ఒక్కో మాటా కిందికి పడేస్తున్నాడు.

పోతా ఉంది అన్నాడు. కాసేపటికి, ఇంకా పోతా ఉంది అన్నాడు. తర్వాత కనిపించలేదు అన్నాడు. అంకాలమ్మ నోటిలో ఏదో గొణిగింది. కరుణాకుమారి కళ్ళు మూసుకుంది. నిన్నటి గ్లాసూ గిన్నె కనిపించాయి. ఆ రెండిటి ఎదుటా సుద్ద అంటిన వేళ్ళతో జరిపిన అగ్గిపెట్టె. అది పడవ. అటూ ఇటూ అయితే అని ఆయన వేలితో తడితే అగ్గిపెట్టె బోర్లా పడింది. తను నవ్వింది.

"అక్కా" అన్నాడు రజాక్. "తిరిగింది. ఇటు తిరిగింది."

అయినా చీర వదల్లేదు. పడవ మొగలోకి వచ్చి, ఏటి నీళ్ళ మీద నిలిచి, జాన్‌బీ కిందికి పరుగెత్తి చూసి వచ్చి చెప్పేదాకా చేతులు దించలేదు. దించబోతే వేళ్ళు విచ్చుకోలేదు. అంకాలమ్మ ఒక్కొక్క వేలినీ పట్టుకుని విప్పింది.

పడవలో అందరూ ఉన్నారు. ఆదెయ్య, ఆయన తమ్ముడు నీళ్ళు తోడిపోస్తున్నారు. సమాధానం పడవ అంచును కౌగిలించుకుని కూర్చున్నాడు. కళ్ళద్దాలు సముద్రానికి ఇచ్చేశాడు. గీసుకున్న పటం ముద్దయిపోయింది. దించితే నిలబడలేక ఇసుకలో మోకాళ్ళ మీద పడి వాంతి చేసుకున్నాడు. కరుణాకుమారి నలుగురూ చూస్తున్నారని కూడా అనుకోకుండా ఆయన తల పట్టుకుంది. అద్దాలు లేని కళ్ళతో ఆయన ఆమెను, ఆమె భుజం మీది తడి చీరను చూసి, కుమారీ, ఇది నీ పెళ్ళి చీర కదా అన్నాడు. ఆమెకు నవ్వు రాలేదు. ఏడుపూ రాలేదు. పళ్ళు టకటకా కొట్టుకున్నాయి.

అందరూ ఆదెయ్య గుడిసె చూరు కింద చేరారు. అంకాలమ్మ బెల్లం టీ పెట్టింది. ఆదెయ్య పీల్చి పీల్చి తాగాడు. గుమ్మటం కనపడతా ఉండాది, రాయి లేదు, ఒడ్డే మారిపోయిందేమో, యేరే ఊరికి వచ్చినామేమో అనుకున్నానని చెప్పాడు. దక్షిణానికి పోతే రాయి కనపడతాదేమోనని పోయారట. తెల్లగా ఏదో కొట్టుకోవడం కనిపించేసరికి మేట అంచులో ఉన్నారట. చెబుతూ చెబుతూ ఆయన గ్లాసు కింద పెట్టాడు.

కరుణాకుమారి ఆయనకూ చెప్పింది, రాయి గీకింది తనేనని.

"సున్నం మళ్ళా ఏసుకుంటాంలే" అన్నాడు ఆదెయ్య. "వాన ఎలిసినాక. దానికేంది. రాయికి లారీ వస్తాదని ఒడ్డున అనుకుంటా ఉండారే, నిజమేనా?"

అప్పుడు గుర్తొచ్చింది. రేపు పొద్దున ఆఫీసరు వస్తాడు. పొద్దున జరిగిందంతా వేరే జన్మలో జరిగినట్టుంది, కానీ జీపు మాత్రం ఈ జన్మలోనే వస్తుంది. ఆయనకు రాయి నచ్చుతుంది. నచ్చకుండా ఎట్లా ఉంటుంది, అంత మంచి ఓడ. రావద్దని కబురు పెడదామన్నాడు రజాక్. ఎట్లా పెడతావు, ఆఖరి బస్సు పోయింది అంది జాన్‌బీ. బొగ్గుపొడి కాగితం గుడ్డలో చుట్టి ఒడిలో పెట్టుకుని ఉంది. తడవకుండా మిగిలింది అదొక్కటే. రాయి కనపడకుండా ఇసుక కప్పేద్దామా అని ఆదెయ్య తమ్ముడు అడిగాడు. సర్కారు జీపు ముందు మన మాట నిలవదులే అని అంకాలమ్మ పొయ్యి వైపు తిరిగింది. తాము కాదంటే గవర్నమెంటు మనిషి తీసుకుపోడన్న ధైర్యం అక్కడ ఎవరికీ లేదు.

కరుణాకుమారి బయటికి చూసింది. మొగ మీద ఇంకా వాన పడుతోంది. మేట మీద విరిగే అలల మోత ఇక్కడిదాకా వినపడుతోంది. ఇకమీద ఆ మోత వింటే తనకు నిద్ర పట్టదని అనిపించింది. ఆయన ఎప్పుడూ అనే మాట అప్పుడు మనసుకు వచ్చింది. ఒడ్డున నిలబడి ఒడ్డును చూస్తే ఏం తెలుస్తుంది?

లేచి నిలబడింది.

"రేపు తెల్లవారగానే సున్నం ఉడికిద్దాం. రజాక్, నువ్వు దర్గాలో మిగిలిన మూటలు తీసుకురా. జీపు వచ్చేలోగా రాయికి వెల్ల పడాలి. తడారకపోతే మీరు చీర పట్టుకుని నిలబడండి, ఇవాళ్టి మాదిరే. ఆఫీసరుగారికి అక్షరాలు జాన్‌బీ కాగితం మీద చూపిద్దాం. రాయి దగ్గరికి మాత్రం ముందు తీసుకుపోవద్దు. ఆదెయ్యా, నువ్వు ఆయన్ను పడవెక్కించు. మేట దాకా తీసుకుపోయి, అక్కడినుంచి వెనక్కి తిరిగి చూడమని చెప్పు. నేనూ ఎక్కుతాను. తీసుకుపోతారా, ఉంచుతారా అని అక్కడే అడుగుతాను."